మొహమ్మద్ అలీ బాకీ ఎవరు తీర్చాలి?

మన బస్తీల్లో జనాజా నమాజుకు సఫ్‌లు కట్టాక చాలాచోట్ల ఒక మాట వినిపిస్తుంది. మర్హూమ్ కొడుకో తమ్ముడో ముందుకొచ్చి, మయ్యిత్ ఎవరికైనా బాకీ ఉంటే మాకు చెప్పండి, మేం తీరుస్తాం అంటాడు. ఎవరి దిల్ అయినా నొప్పించి ఉంటే మాఫ్ చేయమని చేతులు జోడిస్తాడు. షరీయత్ తర్తీబ్ కూడా అదే. ముందు కఫన్ దఫన్, తర్వాత అప్పులు, ఆ తర్వాత వసీయత్, చివరికే వారసుల హిస్సా. అప్పు తీరకుండా హిస్సా అడిగే హక్ ఎవరికీ లేదు.

గొప్ప ఆటగాళ్లు పోయాక వాళ్ల తప్పుల్ని ఏం చేయాలన్న సవాల్ వచ్చినప్పుడల్లా నాకు ఈ తర్తీబే యాదికొస్తుంది. మొహమ్మద్ అలీ సంగతే చూద్దాం.

అలీ 2016 జూన్ 3న ఇంతెఖాల్ అయ్యారు. జూన్ 9న సొంత ఊరు లూయీవిల్‌లో జనాజా నమాజు జరిగింది. ఆయన మనకు వదిలి వెళ్లిన ఆస్తి చిన్నది కాదు. 1964 ఫిబ్రవరిలో సోనీ లిస్టన్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. వెంటనే తన ముస్లిం గుర్తింపును బాహాటంగా చాటారు. కాషియస్ క్లే అన్న పేరు వదిలేశారు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో, వియత్నాం యుద్ధానికి పంపే ఫౌజులో చేరనన్నారు. కోర్టు ఐదేళ్ల ఖైదు, 10 వేల డాలర్ల జుర్మానా వేసింది. అప్పీలు నడుస్తుండటంతో జైలు తప్పింది గానీ టైటిల్ పోయింది, లైసెన్సు పోయింది. మంచి వయసులో మూడున్నరేళ్లు రింగుకి దూరమయ్యారు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఆ కుర్బానీ తలచుకుంటే ఇవాళ్టికీ మన తల పైకి లేస్తుంది.

ఇక బాకీ సంగతి.

మా అబ్బాజాన్ చెప్పే అలీ ఖిస్సాల్లో జో ఫ్రేజర్‌కి పేరు కూడా ఉండేది కాదు. అలీ చేతిలో దెబ్బలు తిన్నవాడు, అంతే. పెద్దయ్యాక చదివితే తెలిసింది ఆయన ఎవరో. సౌత్ కరోలినాలో కౌలు రైతు బిడ్డ. ఫిలడెల్ఫియా వచ్చి కబేళాలో పనిచేశాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చాడు. అలీ రింగుకి దూరమై డబ్బుకి తంగీ పడుతున్న రోజుల్లో చేతి ఖర్చులకు ఇచ్చాడు. అలీకి లైసెన్సు తిరిగి ఇవ్వాలని మాట్లాడాడు. దోస్తీ అంటే అది.

ఆ ఎహ్సాన్‌కి అలీ ఇచ్చిన బదులు ఏంటి? 1971 మార్చిలో ఇద్దరి మొదటి పోటీకి ముందు ఫ్రేజర్‌ని తెల్లవాళ్ల గులాం అన్నారు. సైన్‌బోర్డులు రాసే తండ్రి నీడలో కాస్త మెరుగ్గా పెరిగిన అలీ, తనకన్నా పేదరికం చూసిన నల్ల మనిషిని అన్న మాట అది. ఆ పోటీలో ఫ్రేజరే గెలిచాడు. 1975లో మనీలా పోటీకి ముందు అలీ ఆయన్ని గొరిల్లా అన్నారు. విలేకరుల ముందు రబ్బరు గొరిల్లా బొమ్మని గుద్ది నవ్వించారు. నల్లవాళ్లని జంతువులన్న జాలిముల మాటనే, ఆ జుల్మ్‌కి ఎదురు నిలిచిన మనిషి తన భాయి మీద వాడారు. టికెట్లు అమ్ముడుపోయాయి. ఫ్రేజర్ పిల్లలు మాత్రం స్కూల్లో ఎగతాళి పడ్డారు.

2001లో అలీ ఒక పత్రిక ద్వారా మాఫీ అడిగారు. ఆవేశంలో అనకూడనివి అన్నానని ఒప్పుకున్నారు. ఫ్రేజర్ మొదట సరే అన్నా, ఆ చేదు తర్వాత కూడా ఆయన మాటల్లో బయటపడుతూనే వచ్చింది.

ఇంకో బాకీకి ఆ మౌఖా కూడా దక్కలేదు. అలీని ముందుండి నడిపించిన మాల్కం ఎక్స్, నేషన్ ఆఫ్ ఇస్లాం నుంచి విడిపోయాక 1964లో ఘనాలో ఎదురుపడితే అలీ ముఖం తిప్పుకున్నారు. 1965 ఫిబ్రవరి 21న మాల్కం షహీద్ అయ్యారు. ఆ పని తన జీవితంలో పెద్ద పశ్చాత్తాపాల్లో ఒకటని 2004లో వచ్చిన తన పుస్తకంలో అలీ రాసుకున్నారు. అప్పటికి 39 ఏళ్లు గడిచాయి. వినాల్సిన మనిషి లేడు.

పోయినవాళ్ల ఐబ్‌లు తవ్వడం గీబత్ కాదా అని మీరు అడగొచ్చు. సరదాకి, పగకి చెబితే తప్పకుండా గీబతే. ఆయన ఇంటి గొడవలు, పెళ్లిళ్ల సంగతులు నేనిక్కడ ఎత్తకపోవడానికి కారణం అదే. కానీ మన ముహద్దిసీన్ హదీసు రావీల గురించి, వాళ్లు పోయాక కూడా, ఎవరి హాఫిజా కమ్జోర్, ఎవరి మాట నమ్మలేం అని కితాబుల్లో రాసిపెట్టారు. అవసరం ఉండి రాశారు, అవసరమైనంతే రాశారు. ఇక్కడా ఒక అవసరం ఉంది. అల్లాహ్ తన హక్‌ని మాఫ్ చేస్తాడు. బందా హక్‌ని ఆ బందాయే మాఫ్ చేయాలి. హుఖూఖుల్ ఇబాద్ అంటే అదే కదా. అలీ తప్పును మనం దాచినప్పుడు దాగిపోయేది తప్పొక్కటే కాదు. నష్టపోయిన ఫ్రేజర్ కూడా దాగిపోతాడు.

అలీ ఇజ్జత్‌కి మనం వారసులమైతే ఆయన బాకీకీ వారసులమే. దాన్ని డబ్బుతో తీర్చలేం, చెప్పి తీర్చాలి. పిల్లలకి హ్యూస్టన్ ఖిస్సా చెప్పిన రోజే ఫ్రేజర్ ఇచ్చిన డబ్బు సంగతీ చెప్పాలి. హీరో అంటే తప్పు చేయనివాడని నేర్పితే, రేపు నిజం తెలిసిన రోజు వాళ్లు హీరోనీ వదిలేస్తారు, మన మాటనీ వదిలేస్తారు.

2011 నవంబర్‌లో ఫిలడెల్ఫియాలో ఫ్రేజర్ అంత్యక్రియలు జరిగాయి. పార్కిన్సన్స్ జబ్బుతో మాట దాదాపు పోయిన అలీ వచ్చారు. ఫ్రేజర్ కోసం అందరూ లేచి చప్పట్లు కొట్టమని వేదిక మీద నుంచి అడిగినప్పుడు, ఆయన కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ కాళ్లకు అది తేలిక కాదు. బాకీ ఉందని ఆయనకి తెలుసు. మనం లేదనడం ఎందుకు?

అల్లాహ్ ఆయన మగ్‌ఫిరత్ చేయుగాక. ఆమీన్.