మెడమీది పాత పూత

కరీంనగరులో మా మేనమామగారి గిటారు చాలా ఏళ్లు గోడకు వేలాడింది. ఆయన పోయాక వాళ్లమ్మాయి దానిని చేతికి తీసుకుంటే, మెడ వెనుక పూత జిగటగా అరచేతికి అంటుకున్నది. “బావా, ఇదంతా గీకేసి పెట్టు” అని నాకు అప్పగించింది.

గీకడానికి ముందు అది ఏ పూతో తెలియాలి. కనబడని మూల ఒక చుక్క స్పిరిట్ వేశాను, చలించలేదు. లక్కపూతైతే మెత్తబడేది. థిన్నరు చుక్కకు మాత్రం కరిగింది. దానికీ లొంగకపోతే ఈ కాలపు పాలీయురేథేన్ అనుకోవలసి వచ్చేది. వీధి చివర బీరువాలకు రంగు వేసే పెద్దాయన చూసి “ఇది డ్యూకో సార్” అన్నాడు.

డ్యూకో! ఆ మాటతో మనసు నిర్మల్ వైపు మళ్లింది.

ఇంగ్లీషువారి ‘లాకర్’ పూతకు మూలం మన ‘లాక్షా’ శబ్దమే. పోర్చుగీసువారి నోట ‘లాక్రె’ అయి ఐరోపాలో వ్యాపించింది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్న పురుగు స్రవించేది లక్క. ఆదిలాబాదు అడవులలో మోదుగకు కొదువ లేదు. డ్యూకోకు మాత్రం లక్కతో పనిలేదు. దాని పూర్వీకురాలు 1846లో షోన్‌బైన్ కనుగొన్న తుపాకి దూది. లక్కయింటి కథ ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు గాని, ఇదీ నిప్పుకు ఓర్వదు.

1923లో డూపాంట్ సంస్థ డ్యూకోను తెచ్చింది. అంతవరకు వారాల తరబడి ఆరిన కారు రంగు గంటలలో ఆరసాగింది. 1950, 60 దశకాల్లో ఫెండర్ గిటార్లకు పూసిన రంగులలోనూ డ్యూకో ఉంది. అదే పేరు నిర్మల్‌కూ చేరింది. పొనికి చెక్కను మలచి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, తెల్లమట్టి పూసి, ఆకుపసర్లతో, ఖనిజాలతో రంగులు దిద్దిన కళాకారులే డ్యూకో డబ్బా మూత తీశారు. దీనిని పతనమని వాపోయేవారున్నారు. నేనలా అనలేను. త్వరగా ఆరే రంగును బ్రతుకుతెరువుకై ఎంచుకొన్నవారిని తప్పుపట్టడానికి మనమెవరం? కాని ఏ తరం ఏ రంగు వాడిందో చెప్పే సాక్ష్యం, కాగితాలకెక్కనిది, ఆ పొరలలోనే ఉంది. పాత బొమ్మను “కొత్తగా” చేయబోయి థిన్నరుతో కడిగేవారిని చూస్తే నాకు భయం. పొనికి అసలే మెత్తని కఱ్ఱ. గీకితే రంగుతోపాటు చెక్కా లేచివస్తుంది.

మామయ్య గిటారు మెడకూ అటువంటి సాక్ష్యమొకటి ఉంది. మొదటి మూడు మెట్ల వెనుక, బొటనవ్రేలు ఆనే చోట, పూత అరిగిపోయి కఱ్ఱ నున్నగా బయటపడింది. అది ఆయన అరగదీసిందే.

కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పించి, థిన్నరులో తడిపిన గుడ్డతో జిగట పొరను మాత్రం జానెడు జానెడుగా తుడిచాను. ఆరిన తరువాత సన్నని ఉప్పుకాగితంతో కఱ్ఱ ఈనె వెంట మెల్లగా రుద్దాను. ఆ అరుగుదల జోలికి పోలేదు.

“అక్కడ మచ్చలాగా ఉంచేశావేం?” అన్నది మరదలు.

బొటనవ్రేలు అక్కడ పెట్టి చూడమన్నాను.