1034 పెళ్లిళ్ల లెక్క

టీవీలో హాస్య సీరియల్ వస్తుంటే మా జాలరిపేటలో ఎవరో ఒకరు అడుగుతారు, ఇది నిజంగా జరిగిందేనా అని. కన్యాశుల్కం దగ్గరికొచ్చేసరికి ఎవరూ అడగరు. జవాబు ముందే సిద్ధం: "ఆ రోజుల్లో మన జిల్లాలో 1034 మంది పసిపిల్లల్ని ముసలాళ్లకి అమ్మేశారు. అది చూసే గురజాడ నాటకం రాశాడు." నోటిమాటగా తిరిగే కథలో అంకె ఇంత కచ్చితంగా ఉంటే నాకు అనుమానం వస్తుంది. దాని మూలం వెతికాను.

అంకె కల్పితం కాదు. 1897లో అచ్చయిన మొదటి కూర్పు ముందుమాటలో ఉంది. ఆ ముందుమాట ఇంగ్లీషులో ఉంది. నాటకం చదివేవాళ్లు చాలామంది ఆ పేజీలు దాటేసి మొదటి అంకానికి వెళ్లిపోతారు. విజయనగరం మహారాజు పూనికతో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా ఒకటి తయారైందని గురజాడ అక్కడ రాశారు. మొత్తం 1034, ఏడాదికి సగటు 344. మూడుతో గుణిస్తే రెండు తగ్గుతాయి. భిన్నం వదిలేశారు, అంతే.

అందరూ పసిపిల్లలేనా? కాదు. ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కూడితే 188. మొత్తంలో నూటికి పద్దెనిమిది. మిగతా 846 మంది వయసు ముందుమాటలో లేదు. ఏడాది పిల్లకు పలికిన ధర మాత్రం ఉంది, 350 నుంచి 400 రూపాయలు. పెళ్లికొడుకుల వయసు ఆ అంకెల్లో లేదు. కాబట్టి "ముసలాళ్లకి" అన్న మాట జాబితాలోంచి రాలేదు, నాటకంలోంచి వెనక్కి వెళ్లి జాబితాకు అంటుకుంది.

"మన జిల్లా" అంటే ఏది? అప్పటి విశాఖపట్నం జిల్లా జయపురం సంస్థానం దాకా ఉండేది. 1839 నాటి చట్టం కింద కొండప్రాంతాన్ని ఏజెన్సీగా విడిగా పాలించేవారు. జాబితా మైదాన భాగానికే పరిమితం. కులం కూడా ఒక్కటే. చాలా కులాల్లో ఓలి, అంటే పెళ్లికూతురి వాళ్లకు సొమ్ము, ఇచ్చే ఆనవాయితీ ఉండేది, అది ఈ లెక్కలోకి రాలేదు. మా పేట పెళ్లిళ్లు ఆ 1034లో ఒక్కటీ లేవు. ఈ సంగతి చెబితే మావాళ్లు కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

జాబితా ముందా, నాటకం ముందా? విజయనగరంలో తొలి ప్రదర్శన 1892లో జరిగింది. 1897 ముందుమాట జాబితాను సుమారు పదేళ్ల కిందటిదిగా చెబుతుంది. అంటే 1887 ప్రాంతం. జాబితాయే ముందు. అయితే ముందు రావడం వేరు, కారణం కావడం వేరు. మహారాజు అడిగితే రాశాడన్న మాటా వినిపిస్తుంది. గురజాడ చెప్పుకున్న ఉద్దేశాలు రెండు: సంఘ సంస్కరణకు తోడ్పడటం, తెలుగు రంగస్థలానికి పనికిరాదన్న అపోహను ఎదుర్కోవడం. అంతకు మించి ఆయన మనసులో ఏముందో నేను చెప్పను.

నాటకంలోని గిరీశం ఫలానా ఆయనే అనేవాళ్లున్నారు. నాటకం తెర లేచే బొంకులదిబ్బ విజయనగరం కోట ఎదుట నిజంగానే ఉంది. చోటు నిజమైతే మనిషీ నిజమని రుజువు కాదు. ఇంకో చిక్కుంది. 1909లో గురజాడ నాటకాన్ని పెంచి తిరగరాశారు. మనం చూసేది, 1955 సినిమాకు ఆధారమైనది ఆ రెండో కూర్పే. ఫలానా సన్నివేశం ఫలానా ఇంట్లో జరిగిందనేవాళ్లను మొదట అడగాల్సింది, ఏ కూర్పులో సన్నివేశం అని. ఆ ప్రశ్నతో చాలా కథలు ఆగిపోతాయి.

మూలం ఒక్క మనిషే అయిన హాస్యమూ ఉంది. 1970లో ఇంగ్లండులోని టార్కీ పట్నంలో ఒక హోటల్లో దిగిన హాస్యనటుడు అక్కడి యజమాని దురుసుతనం చూశాడు. 1975లో అది 'ఫాల్టీ టవర్స్' అనే టీవీ హాస్య సీరియల్ అయింది, మొత్తం 12 భాగాలు. ఆ మూలాన్ని నటుడే చెప్పాడు. మా ఆయన అలాంటివాడు కాదని యజమాని భార్య తరవాత వాదించింది. అక్కడ తేలాల్సింది సాక్షుల మధ్య తగవు. ఇక్కడ సాక్షి మనిషి కాదు, కాగితం.

ఆ కాగితం నాటకానికి ఎంత ఇచ్చింది? ధరలు పోల్చాను. రెండో కూర్పులో సుబ్బి అనే చిన్నపిల్లను ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి కుదిరిన బేరం 1800 రూపాయలు. ముందుమాటలోని 400కు నాలుగున్నర రెట్లు. అతిశయోక్తి అనేయవచ్చు. కానీ 400 ఏడాది పిల్ల ధర, సుబ్బి అంత పసిది కాదు. పెద్దపిల్లల ధర ముందుమాట ఇవ్వలేదు కాబట్టి ఈ పోలిక చెల్లదు. పక్కన పెట్టాను.

జాబితా సమగ్రం కాదని గురజాడే అన్నారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టముండదు కదా. అంటే 1034 కనీస సంఖ్య. ప్రచారంలో ఉన్న కథ పిల్లల వయసు దగ్గర అతి చేసింది, పెళ్లిళ్ల సంఖ్య దగ్గర బహుశా తక్కువే చెప్పింది.

జాబితా నుంచి బేరం వచ్చి ఉండవచ్చు. నాటకాన్ని నడిపే ఎత్తు అక్కడిది కాదు. సుబ్బి మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు, శుల్కం పుచ్చుకుంటాడు, పెళ్లికూతురు మాయమవుతుంది, ముసలాయన మీద ఖూనీ నింద పడుతుంది. ఇలాంటిది ఆ మూడేళ్లలో నిజంగా ఒకటి జరిగినా జాబితాలో పట్టుబడదు. లెక్క రాసినవాళ్లు ఆ కుర్రాణ్ణీ ఒక ఆడపిల్లగానే రాసుకుని ఉండేవారు.