దెబ్బ కొట్టినదెవరు? ‘మాలపల్లి’, ‘అసమర్థుని జీవయాత్ర’ నవలల్లో క్షతగాత్రులు

గాయపడిన పాత్రల ప్రసక్తి రాగానే తెలుగు నవలా విమర్శకు గోపీచంద్ సీతారామారావు, బుచ్చిబాబు దయానిధి గుర్తుకు వస్తారు. ఇద్దరివీ మనసుకు తగిలిన గాయాలే. గుంటూరు సీమ నవలలో అంతకు పాతికేళ్ల ముందే మరో రకం గాయం నమోదైంది.

ఉన్నవ లక్ష్మీనారాయణ స్వగ్రామం వేములూరుపాడు. పత్తీ, మిరపా పండే సత్తెనపల్లి ప్రాంతం అది. ఆయన 1922లో జైలులో రచించిన ‘మాలపల్లి’లో కూలి తగాదా నడుమ చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు మరణిస్తాడు. న్యాయం దక్కకపోయినా కొట్టినవాడెవరో పాఠకుడికి తెలుసు. సోదరుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ఆస్తిమంతులపై తిరగబడతాడు. అంటే గాయం బయటికే మళ్లింది.

1947 నాటి ‘అసమర్థుని జీవయాత్ర’లో అలా వేలెత్తి చూపదగిన శత్రువు లేడు. మరణశయ్యపై తండ్రి అప్పగించిన వంశప్రతిష్ఠను నిలబెట్టబోయి సీతారామారావు దానధర్మాలతో ఆస్తిని హరించుకుంటాడు. ప్రతిష్ఠకు ఆస్తే ఆధారం. అది పోయాక ప్రతిష్ఠ బరువొక్కటే అతనికి మిగిలింది. చివరికి శ్మశానంలో తనను తానే హింసించుకుని ప్రాణం విడుస్తాడు. దీన్ని ఆత్మన్యూనతగా మాత్రమే వివరించడం చాలదు. అతని పతనంలో మనస్తత్వానికి ఎంత భాగముందో, చేజారిన ఆస్తికీ అంత భాగముంది.

రచయిత జీవితాన్ని నవలపై రుద్దడం నాకు సమ్మతం కాదు. అయినా ఒక వైరుధ్యాన్ని దాటిపోలేం. తెనాలిలో స్థిరపడిన హేతువాది త్రిపురనేని రామస్వామి గోపీచంద్‌కు తండ్రి. ప్రశ్నించడం నేర్పినందుకు ఈ నవలను ఆయనకే అంకితమిచ్చారు. కథలోని తండ్రి వదిలివెళ్లినది మాత్రం ప్రశ్నకు తావులేని ఆజ్ఞ.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. సీతారామారావు హింస తన దేహంతో మొదలు కాలేదు. అంతకు ముందే భార్యాబిడ్డలను తాకింది. వారి బాధను మనం అతని రోగలక్షణాల జాబితాలో చేర్చి ఊరుకున్నాం. కథనం అతని అంతరంగాన్ని అంటిపెట్టుకుని సాగడం ఇందుకు కొంత కారణం. అతని వేదన వినిపించినంత దగ్గరగా ఆమె వేదన వినిపించదు. ‘మాలపల్లి’ చదువుతూ సంగదాసును కొట్టినదెవరని అడిగిన విమర్శకుడు ఈ ఇంటి గడప దగ్గర అదే ప్రశ్న వేయలేదు. ఇక్కడ జవాబు కోసం వెతకనక్కరలేదు. ఆ ఇల్లాలిని కొట్టినవాడు సీతారామారావే.