సొదై గోమి
సొదై గోమి అనేది జపాన్‌లో ఇళ్ల నుంచి వెలువడే మంచాలు, పరుపులు, బీరువాలు, సైకిళ్ల వంటి పెద్ద వస్తువులను రోజువారీ చెత్తతో కలపకుండా, ముందస్తు నమోదుపై, సాధారణంగా రుసుము తీసుకొని సేకరించే వ్యర్థాల వర్గం. 1970 నాటి వ్యర్థాల నిర్వహణ చట్టం కింద గృహవ్యర్థాల బాధ్యత స్థానిక సంస్థలది కావడంతో కొలతలూ రుసుములూ ఊరూరికీ మారతాయి. టోక్యోలోని 23 ప్రత్యేక వార్డులలో ఒక పక్క సుమారు 30 సెంటీమీటర్లు మించిన వస్తువు ఈ వర్గంలోకి వస్తుంది. అక్కడి నివాసి టెలిఫోన్ ద్వారా గాని ఇంటర్నెట్ ద్వారా గాని సేకరణ తేదీని ఖరారు చేసుకొని, నిర్ణీత రుసుముకు సరిపడా 200 యెన్ల 'ఎ', 300 యెన్ల 'బి' చీటీలను కన్వీనియన్స్ స్టోర్ వంటి చోట కొని, వాటిపై పేరు గాని నమోదు సంఖ్య గాని రాసి, వస్తువుకు అంటించి, ఆ రోజు ఉదయం 8 గంటలలోగా సూచించిన చోట ఉంచాలి. ఎయిర్ కండిషనర్లు, టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, బట్టలు ఆరబెట్టే యంత్రాలు ఇందులో చేరవు. 2001 ఏప్రిల్ నుంచి పూర్తిగా అమలైన గృహోపకరణాల రీసైక్లింగ్ చట్టం ప్రకారం, తాము అమ్మినవాటిని, కొత్తది కొన్నప్పుడు దాని స్థానంలోని పాతదాన్ని దుకాణదారులు తీసుకోవాలి, తయారీదారులు వాటిని రీసైకిల్ చేయాలి, రవాణా, రీసైక్లింగ్ ఖర్చులను పారవేసేవారే భరించాలి. వస్తువులను అక్రమంగా పారవేసిన వ్యక్తికి ఐదేళ్ల వరకు జైలు, కోటి యెన్ల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.