పండుగ ప్రయాణములు ఆగిన మూడు శరత్తులు

శరదృతువు మనకు పండుగల కాలము. ప్రయాణముల కాలము కూడ. వానలు వెనుకబట్టి, చెరువులు నిండి, రాగిచేలు వెన్ను తీయు దినములలో మహాలయ అమావాస్య మొదలుకొని దసరా, దీపావళి, కార్తిక పూర్ణిమ వరుసగా వచ్చును. ఆ దినములలో ఒక్కమారైనను బంధువుల ఊరికి పోని తెలుగు కుటుంబము హొసకోటె ప్రాంతమున అరుదు.

ఊరున్న చోటే ఇందుకు అనుకూలమైనది. 16వ శతాబ్దము చివర సుగటూరు తమ్మేగౌడ ఇచట క్రొత్తగా కోట కట్టించుటచే దీనికి హొసకోటె యను పేరు వచ్చినది. బెంగుళూరునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున, దక్షిణ పినాకిని చెంత, పాత మద్రాసు బాటపై నున్నది. ఆ బాట కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు, చిత్తూరు, తిరుపతి చేరును. వేరొక దారి చింతామణి మీదుగా మదనపల్లెకు పోవును. ఈ దారులలో సరిహద్దు రాళ్లపై కనబడునే గాని జనుల మాటలో వినబడదు.

మన పిల్లలు బడిలో కన్నడమును ఇంగ్లీషును చదువుదురు. తెలుగు వారికి చెవితో నేర్చిన భాష. మేనత్తను, మేనమామను, పెదనాయనను ఆ పిలుపులతో పిలిచి, అవ్వ చెప్పు కథ విని, తాతతో వాదించి వారు నేర్చుకొను తెలుగు, ఏడాదికొకమారు చేయు ఈ ప్రయాణములనుండియే ఎక్కువగా వచ్చుచున్నది. కావున మహమ్మారి వచ్చి ఈ దారి మూసినపుడెల్ల మన ఇండ్లలో పండుగతోపాటు మరియొకటి చిక్కున పడినది. గడచిన నూటపాతిక సంవత్సరములలో అట్టి శరత్తులు మూడింటిని ఇచట స్మరింతుము.

మొదటిది విళంబి సంవత్సరము, అనగా 1898. బొంబాయిలో 1896లో తలచూపిన ప్లేగు రైలు మార్గమున దక్షిణమునకు దిగి, 1898 ఆగస్టులో బెంగుళూరు చేరినది. ఎలుకల ఒంటిపైనుండు గోమారులు ఈ వ్యాధిని మనుష్యులకు అంటించునని పాల్ లూయీ సిమోఁ అను ఫ్రెంచి వైద్యుడు కరాచీలో కనుగొన్నదియు ఆ యేడే. ఇంట ఎలుక రాలిన వెంటనే ఇల్లు విడువవలెనను సంగతిని జనులు అనుభవముచేతనే గ్రహించిరి. ఊళ్లకు ఊళ్లు ఖాళీచేసి పొలములలో గుడిసెలు వేసికొని కాపురముండుట ఆ కాలమున సామాన్యమైనది. రైలు స్టేషన్లలో ప్రయాణికులను పరీక్షించి, అనుమానమున్నవారిని వేరు శిబిరములకు పంపుచుండిరి. ఇల్లే విడిచిన వారికి అతిథులను పిలుచు పండుగ ఎక్కడిది? చలికాలముతోపాటు ప్లేగు కొన్ని యేండ్లు మరల మరల వచ్చెను. బెంగుళూరులో బసవనగుడి, మల్లేశ్వరము పేటలు విశాలమైన వీధులతో పెరుగుటకు ఆ ఉపద్రవము ముఖ్యకారణము. ప్లేగమ్మ పేర వెలసిన గుళ్లు నేటికిని ఆ భయమునకు సాక్షులు.

రెండవది కాళయుక్తి సంవత్సరము, 1918. అప్పటి మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులు తెలుగునాటి మోక్షగుండమునుండి తరలివచ్చినవారే. ఆ జూన్ నెలలో బొంబాయి రేవున దిగిన ఇన్ఫ్లుయెంజా జ్వరము, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో రెండవమారు విజృంభించి దేశమంతట వ్యాపించెను. ఆ యేడు వానలు తప్పి ధాన్యపు ధరలు పెరిగియుండెను. దేశమున మృతులైనవారు 1 కోటి 20 లక్షలకు తక్కువ కారని, 2 కోట్ల వరకు ఉండవచ్చునని పండితుల అంచనా. 1911లో సుమారు 25.2 కోట్లుగా నున్న జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు తగ్గినది. దశాబ్దమున దేశ జనసంఖ్య తగ్గుట ఆ యొక్కమారే.

ఆ జ్వరము ముసలివారికంటె ఇరువది మొదలు నలువది యేండ్లవారిని, అందును స్త్రీలను ఎక్కువగా బలిగొన్నది. అనగా దసరాకు పుట్టింటికి రావలసిన ఆడపడుచులే ఎక్కువగా రాలేకపోయిరి. మరణము కలిగిన ఇంట ఏడాదివరకు పండుగ చేయరాదను ఆచారము మనకు కలదు. ఆ దీపావళినాడు ఎన్ని గడపలలో దీపము వెలుగకుండెనో ఊహింపవచ్చును.

మూడవది శార్వరి సంవత్సరము, 2020. ఆ యుగాది మార్చి 25న వచ్చినది. దేశమంతట లాక్‌డౌన్ మొదలైనదియు ఆనాడే. తిరుమలలో మార్చిలో నిలిచిన దర్శనములు జూన్ 11న గాని సామాన్య భక్తులకు తిరిగి లభింపలేదు. ఆశ్వయుజము అధికమాసమగుటచే మహాలయ అమావాస్య సెప్టెంబరు 17న గడచినను నవరాత్రులు అక్టోబరు 17న గాని మొదలు కాలేదు. తిరుమలలో ఆ యేటి రెండు బ్రహ్మోత్సవములును ఏకాంతముగా జరిగెను. మైసూరు దసరాను హృద్రోగ వైద్యులు డాక్టరు సి.ఎన్. మంజునాథ్‌గారు ప్రారంభించిరి. అక్టోబరు 26నాటి జంబూసవారి నగరవీథులలోనికి రాక రాజప్రాసాదపు ఆవరణముననే ముగిసెను.

అప్పటికి సరిహద్దు దాటుటకు అనుమతిపత్రముల అక్కర తీరినది; బస్సులును నడచుచుండెను. కాని ఆ అక్టోబరు మొదట కర్ణాటకమున దినమునకు పదివేలకు మించి క్రొత్త రోగులు తేలుచుండిరి. పోవచ్చునా, మానవలెనా యను నిర్ణయము ప్రతి ఇంటి పెద్దపై పడినది. 1918కిని దీనికిని ఇచటనే భేదము. ఈ వ్యాధి పడుచువారిలో లక్షణము లేకయే దాగి, వృద్ధులను కబళించును. ఎవరిని చూచుటకై బయలుదేరుదుమో వారికే మన రాక అపాయము. అందుచే మాలో పలువురము ప్రేమచేతనే ఇల్లు కదలలేదు.

ఇట్టి ఆపత్తునకు మన ఆచారమునందే త్రోవ కలదు. దీపావళినాడు కేదారేశ్వరుని నోము ఆటంకపడినచో కార్తిక పూర్ణిమనాడు నోచుకొనుట అనేక కుటుంబములలో వాడుక. పెద్దల ఇంట అందరు కూడి నోచుకొనవలసిన ఆ నోమును ఆ యేడు కొందరు మొదటిసారి తమ తమ ఇండ్లలో నోచుకొనిరి. ఇరువదియొక్క పోగుల దారము, ఇరువదియొక్క అరిసెలు, కథ చెప్పు క్రమము, అన్నియు పెద్దవారు ఫోనులో చెప్పగా కోడండ్రు వ్రాసికొనిరి. బొమ్మల కొలువును అవ్వలు వీడియో కాలులో చూచి దీవించిరి.

ఆ వ్రాసికొన్న కాగితములను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. వానిలో మాట తెలుగు, లిపి కన్నడము. తెలుగు అక్షరములు రానివారు మరేమి చేయుదురు? రెండు లిపులును ఏకోదరములే కనుక నోమునకు లోపము లేదు. కాని ఆ పెద్దల తరము గడచిన పిమ్మట, వారి పాత ఉత్తరములును పుస్తకములును చదువగల వారు మన ఇండ్లలో ఎందరుందురు? దారి మూసిన యేడు ఫోనులో పలికిన అవ్వ, ఎల్లకాలము పలుకునా?

దారులు మరల తెరచుకొన్నవి, పండుగకు ఊరికి పోవుచున్నాము, పోవలయును. కాని తెలుగును ఆ పది దినముల ప్రయాణమునకే వదలుట తగదు. కన్నడ లిపి వచ్చిన బిడ్డకు తెలుగు లిపి నేర్పుటకు పెద్ద శ్రమ పట్టదు. ఈ విజయదశమికి ప్రతి ఇంట పలకపై తెలుగు ఓనమాలు దిద్దించి, ఈ దీపావళికి నోము కథను తెలుగు లిపిలో ఒక నోటుపుస్తకమున ఎత్తి వ్రాయించినచో, మరియొకమారు దారి మూతపడినను మన ఇండ్లలో తెలుగు నిలుచును.