షష్ఠిలో చిక్కిన ‘లో’

సప్తమీ విభక్తి అనగానే ‘అందు, ఇందు, న’ అని వల్లించనివారు మనలో అరుదు. కాని ‘ఉట్టియందు వెన్న’ అనే పసివాడిని నేనింతవరకు చూడలేదు. ‘ఉట్టిమీద’ అంటాడు. మరి ఆ ‘మీద’ ఏ విభక్తి?

1858 నాటి బాలవ్యాకరణపు విభక్తి ప్రత్యయాలలో దానికి చోటు లేదు. ‘లోన్’ ఉన్నది గాని, సప్తమిలో కాదు, షష్ఠిలో! ‘వారిలో పెద్దవాడు’ వంటి నిర్ధారణార్థం అక్కడ లెక్కకు వచ్చింది. ‘పెట్టెలో బట్టలు’ రాలేదు. చిన్నయసూరి ముందున్నది సంస్కృతపు ఏడు గళ్ళ మూస. తెలుగు అందులో ఒదిగినంత ఒదిగింది.

నిజానికి వీటిలో కొన్ని పూర్వం నామవాచకాలు. మీదు అంటే పైభాగం, క్రిందు అంటే అడుగుభాగం. ‘కిందుమీదులు పడటం’లో ఆ జంట నేటికీ సజీవం. అందుకే ‘మీదికి’, ‘కిందినుంచి’ అని వాటికి మళ్ళీ ప్రత్యయాలు చేరుతున్నాయి. ‘నుండి’ అయితే ‘ఉండు’ ధాతువు సంతానమే: ఇంటన్ + ఉండి.

ఈ చరిత్ర తెలియకుండానే పిల్లలు చోటును చెప్పడం నేరుస్తారు. ‘గోడమీద పిల్లి’ అన్న నోటితోనే ‘వేలికి ఉంగరం’ అంటారు. పైన నిలిచినదానికి ‘మీద’, తొడుక్కున్నదానికి ‘కి’. ఈ భేదం మా పండిత శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆంగ్లానికి ఆ పట్టింపు లేదు. పిల్లికైనా ఉంగరానికైనా ‘ఆన్’ చాలు. ఉంగరానికి ‘టు’ వాడిన తెలుగు పిల్లవాడికి ఎర్రసిరా తప్పేది కాదు. పాపం, వాడు తన వ్యాకరణాన్ని తు.చ. తప్పక పాటించాడు!

అన్నట్టు, ఆ ‘కి, కు’లను కూడా సూరి షష్ఠిలోనే కూర్చోబెట్టారు, ‘లోన్’ పక్కన.