మాయ గుండా కొవ్వు ఆమ్లాలు: పరిశోధన చరిత్ర

తల్లి రక్తంలోని కొవ్వు ఆమ్లాలు మాయ దాటి గర్భస్థ శిశువును చేరతాయి. ఎంత చేరతాయి, వాటిలో ముందు వరుస దేనిది అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు డెబ్బై ఏళ్లుగా మారుతూ వచ్చింది. శిశువుకు ప్రధాన ఇంధనం గ్లూకోజు కావడంతో మొదట్లో కొవ్వును పెద్దగా పట్టించుకోలేదు. 1950లో బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త ఎల్సీ విడోసన్ అప్పుడే పుట్టిన క్షీరదాల శరీర కూర్పును పోల్చి చూశారు. మనిషి బిడ్డ బరువులో సుమారు 16 శాతం కొవ్వు, పందిపిల్లలో ఒక శాతం చుట్టూ. ఇంత కొవ్వు తల్లి ఇచ్చిందా, బిడ్డే తయారుచేసుకుందా?

సగం జవాబు 1975లో విడోసన్ బృందమే చెప్పింది. అప్పట్లో నెదర్లాండ్స్‌లో పిల్లలకు పట్టే డబ్బాపాలలో లినోలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే మొక్కజొన్న నూనె ఉండేది. పుట్టినప్పుడు బ్రిటిష్ పిల్లల కొవ్వులోనూ డచ్ పిల్లల కొవ్వులోనూ ఆ ఆమ్లం 1–3 శాతమే; కొద్ది నెలల్లో డచ్ పిల్లల్లో అది ఎన్నో రెట్లు పెరిగింది. ఈ ఆమ్లాన్ని శరీరం తయారుచేసుకోలేదు. పుట్టేనాటికి అది ఇంత తక్కువగా ఉందంటే, ఆ కొవ్వులో చాలా భాగం శిశువు గ్లూకోజు నుంచి చేసుకున్నదే అనుకోవాలి. అయితే మాయ పాత్ర నామమాత్రమేగా అనవచ్చు. మొత్తం కొవ్వు బరువునే లెక్కపెడితే ఆ మాట నిజమే. కానీ మెదడుకు కావలసిన డీహెచ్‌ఏ, అరకిడోనిక్ ఆమ్లాలను శిశువు తగినంత చేసుకోలేదు. తల్లి రక్తంలో కంటే శిశువు రక్తంలో వీటి వాటా ఎక్కువని 1970లలో మైకేల్ క్రాఫర్డ్ బృందం చూపింది. మాయ ఉత్త జల్లెడ అయితే ఈ తేడా రాదు.

తల్లి రక్తంలో కొవ్వు ఆమ్లాలను మోసే ట్రైగ్లిజరైడ్లు ఉన్నవి ఉన్నట్టుగా మాయ దాటలేవు. తల్లి రక్తం తగిలే పొర మీది లైపేజ్ ఎంజైములు వాటిని విడగొడతాయి. విడివడ్డ ఆమ్లాలను పొరలోని ప్రొటీన్లు పట్టి లోపలికి తీసుకుంటాయి. కొన్నిటిని మాయ తన ఇంధనంగా మండిస్తుంది, కొన్నిటిని దాస్తుంది, మిగిలినవి బొడ్డుతాడు రక్తంలోకి వెళ్తాయి. డీహెచ్‌ఏ వంటి పొడవాటి గొలుసు ఆమ్లాలను ఎక్కువ ఇష్టంగా పట్టే ప్రొటీన్‌ను 1990లలో స్కాట్లాండ్‌లోని రోవెట్ సంస్థలో అసీం దత్తారాయ్ బృందం గుర్తించింది. శిశువు కాలేయమే డీహెచ్‌ఏను పోగుచేస్తోందేమో అన్న సందేహం ఇంకా మిగిలింది. 2003లో సిజేరియన్‌కు నాలుగు గంటల ముందు నలుగురు గర్భిణులకు జాడ పట్టడానికి గుర్తుగా ప్రత్యేక కార్బన్ చేర్చిన కొవ్వు ఆమ్లాలు ఇచ్చి చూస్తే, మిగతావాటి కంటే డీహెచ్‌ఏ మాయలో ఎక్కువ చేరింది. నలుగురంటే చిన్న లెక్కే, కానీ ఎంపిక మాయలోనే మొదలవుతుందనడానికి ఇది సూటి ఆధారం.

ఎదుగుదల దగ్గరికొస్తే లెక్క చిక్కుపడుతుంది. గర్భధారణ మధుమేహంలో చక్కెర అదుపులో ఉన్నా కొందరు బిడ్డలు బరువుగా పుడతారు; తల్లి ట్రైగ్లిజరైడ్లకూ ఆ బరువుకూ సంబంధం కనిపించింది. పుణె దగ్గరి పల్లెల పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5. అయినా పుణె పిల్లల వీపు మీది చర్మం కింది కొవ్వు ఆ మేరకు తగ్గలేదని 2003లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చెప్పింది. తూకం ఒక్కటే చూస్తే ఇది దొరకదు. ఆ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఈ కొలతలు చెప్పవు.

మాయ ఇంతగా ఎంచుకుంటుంటే తల్లికి డీహెచ్‌ఏ ఉండే చేపనూనె ఇస్తే సరిపోదా అన్నది తేలిగ్గా కొట్టిపారేయలేని ప్రశ్న. 1992లో డెన్మార్క్‌లో 533 మంది గర్భిణులపై జరిపిన పరీక్షలో చేపనూనె తీసుకున్నవారి గర్భకాలం ఆలివ్ నూనె తీసుకున్నవారి కంటే సగటున నాలుగు రోజులు పెరిగింది, బిడ్డ బరువు 107 గ్రాములు ఎక్కువైంది. ఆ గ్రాముల్లో చాలావరకు అదనపు రోజులవేనని చదవడమే సబబు. ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ సమీక్షలో 34 వారాల లోపు కాన్పులు తగ్గినట్టు తేలింది. 2019లో ఆస్ట్రేలియాలో జరిగిన పెద్ద పరీక్షలో ఆ తగ్గుదల కనిపించలేదు. తల్లి ఒంట్లో ముందే డీహెచ్‌ఏ చాలినంత ఉంటే, మాయ తీసుకునేది అదనపు మోతాదును బట్టి పెరగాలని లేదు.